పట్టుబడని వేషం

నాగక్క కాయను బండ మీద ఒత్తిపట్టి బొటనవేలితో ముక్కు నొక్కింది. టప్పుమని పొట్టు విచ్చుకుంది. రెండు గింజలూ ఎర్రపొర చెదరకుండా చేటలో పడ్డాయి. వాటిని ఆమె చూడను కూడా లేదు. చేతులు తమ పని తాము చేసుకుపోతుంటే కళ్ళు మాత్రం పంచ దాటి వీధి మీదనే ఉన్నాయి.

రెడ్డి ఇంటి పంచలో ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని వేరుశనగ విత్తనం ఒలుస్తున్నారు. మరలో ఆడిస్తే గింజ నలుగుతుంది, పొర లేస్తుంది. పొర లేచిన గింజ భూమిలో కుళ్ళుతుందే గాని మొలవదు. నూనెకు మర ఉన్నా, విత్తనానికి మాత్రం ఆడవాళ్ళ వేళ్ళే కావాలి. నల్లమల వైపు మబ్బు కమ్ముతూ విడిపోతూ ఉంది. తొలివాన పడేలోపల గోనెలన్నీ ఖాళీ కావాలని రెడ్డెమ్మ పొద్దున్నే వచ్చి చెప్పిపోయింది.

నాగక్క పల్చటి మనిషి. ముందుపళ్ళు ఊడిపోయి, నవ్వితే నోరు తలుపు తీసిన గదిలాగా ఉండేది. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో నిలువునా చీలి, చీలినచోట కాయ కాచి, నల్లగా మేకు తల మాదిరి గట్టిపడింది. ఆ వేలితో చంటిబిడ్డను ముట్టుకోవాలంటే ఆమెకే భయం. మనవడికి కాటుక పెట్టాల్సి వస్తే చిటికెన వేలితో పెట్టేది.

"రాత్రి రేడియో విన్యావా నాగక్కా?" అంది పక్కనున్న భీమక్క. పంచాయితీ ఆఫీసు గోడకు రేడియో గొట్టం బిగించినప్పటి నుంచి సాయంత్రం అయితే ఆడవాళ్ళు దాని కింద కూర్చోవడం, పొద్దున్నే దాన్ని నాగక్క చేత తిట్టించి నవ్వుకోవడం మామూలైపోయింది.

"విన్యా. అదేం నవ్వులాట! మొగుడూ పెండ్లాం కొట్లాడుకుంటాండారు, మద్దెలో ఎవురో గుంపు నవ్వుతాండాది. వాళ్ళే నవ్వుకుంటే ఇంగ మనమెందుకు? బువ్వ నువ్వు తిని, తేన్పు నన్ను తెమ్మంటే ఎట్ల?"

"ఆయమ్మ గొంతు బాగుండ్లా?"

"గొంతు బాగుంటే సరిపాయనా? మొగం యాడ? తిట్టేటప్పుడు మూతి ఎట్ల తిప్పిందో సూడకపోతే నవ్వెట్ల వస్చాది?"

"ఆ వెనక ప్రశ్నలడిగినారు సూడు, అది మాత్రం శానా బాగుండె," అంది దూదేకుల హుసేనమ్మ.

"ఏం బాగు? అడిగేటాయప్పకు జవాబు ముందే తెల్సు. కాగితంలో రాసుకోని వచ్చినాడు. తెల్సినోడు అడిగేదేందమ్మా? తెలీనోడు గదా అడగాల. పైగా గంటొకటి. మనిషి నోరు తెరిసేలోపల టంగుమంటాడు. రాజధాని ఏదంటే కర్నూలన్యాడు పాపం ఒకాయప్ప. తప్పంట! మొన్నటిదాంక అదే గదా. ఊరు ఆడనే ఉండాది, రాజధానే హైదరాబాదుకు పాయె. తప్పు ఆయప్పదా?"

"నువ్వయితే ఏం చెప్పుందువు?"

"గంట కొట్టకుంటే ఏదో ఒకటి చెప్పుందును."

ఆడవాళ్ళు పొట్టు ఎగిరేటట్టు నవ్వారు. కొత్తగా కూలికి వచ్చిన పక్కూరి మనిషి మాత్రం నవ్వలేదు. ఆమెకు పన్ను నొప్పి. దవడ కిందినుంచి నడినెత్తి దాకా గుడ్డ కట్టుకుని, చెంగు ముక్కు మీదికి లాక్కుని, స్తంభానికి ఆనుకుని కాయలు ఒలుస్తూంది. నాగక్క జాలిపడి కొంగుముడి విప్పి లవంగం తీసి ఇచ్చింది. "పంటి కింద పెట్టుకో తల్లీ. ఆడిదానికి నోరు పనిచెయ్యకపోతే ఇంగ ఏం మిగుల్తాది?" ఆ మనిషి కళ్ళతోనే దండం పెట్టింది.

"రేడియో ఏందిలే. పగటివేషాల ముందర అదెంత?" అంది నాగక్క. ఆ మాట అనేటప్పుడు ఆమె గొంతులో ఇంటి మనుషుల సంగతి చెప్పుకునే మెత్తదనం వచ్చింది.

శాంతయ్య పగటివేషాల మేళం చావిట్లో దిగి ఉంది. రోజుకొక వేషం. ఒకనాడు పోలీసు, ఒకనాడు సోదెమ్మ, ఒకనాడు కోర్టు అమీను. ఊళ్ళో ఎవరి గుట్టు ఎక్కడుందో ముందే ఆరా తీసుకుని, పేరు పెట్టి పిలిచి మరీ ఆడుతారు. పసిగట్టినవాళ్ళు "దొరికినావు" అంటూ మీసం పట్టి లాగడం ఆ ఊరి ఆనవాయితీ. అంటించిన మీసం చేతికి ఊడి వస్తుంది. వేషగాడు దండం పెట్టి, ఓడినానని ఒప్పుకుని, అసలు గొంతుతో నవ్వుతాడు. ఒక ఏడు అమీను వచ్చి జప్తు నోటీసు చదువుతుంటే రెడ్డి నిజమనుకుని పెరటిదారి పట్టాడు. నాగక్క పొట్టుచేతులతో లేచిపోయి ఆ అమీను మీసం ఊడబెరికింది. ఊరు ఇంకా ఆ ముచ్చట మరిచిపోలేదు.

నాగక్కను ఎవరూ ఏదీ అడిగి చేసింది లేదు. పెళ్ళి అడక్కుండానే జరిగింది. మొగుడు బావి తవ్వుతుంటే బండ పేల్చే మందు తగిలి పోయాడు. ఆ కబురు కూడా ఆమెకు చివరగా అందింది. కన్నవాళ్ళలో ఓబులేసు ఒక్కడు మిగిలాడు. తక్కినవాళ్ళు నడక నేర్వకముందే పోయారు. కూలి ఎంత అని ఆమె అడిగింది లేదు, చాలునా అని ఇచ్చేవాళ్ళు అడిగింది లేదు. శాంతయ్య ఒక్కడు మాత్రం ఏటేటా, ఆట ముగియగానే మొగం తుడుచుకుంటూ వచ్చి "ఎట్లుండె అక్కా?" అని అడిగేవాడు. ఆమె చెప్పేది. పోలీసు గొంతు బాగుంది గాని నడక గొర్రెలకాపరిదని, సోదెమ్మ ఏడుపు ఎక్కువైందని. అతను తల ఊపుతూ వినేవాడు.

నిన్న కూడా అడిగాడు. అడిగి, పదిమంది ముందర పందెం కాశాడు. "అక్కా, రేపు ఆఖరి వేషం. నీ ముందరనే ఉంటా. పట్టుకో సూద్దాం."

"నీ నడక సూస్తే సాలప్పా నాకు," అంది నాగక్క.

ఆ పందెం కట్టి ఇంటికి వెళ్ళేసరికి మనవడు కక్కుకుంటున్నాడు. రాత్రంతా వాంతులూ భేదులూ. పళ్ళు వచ్చే ముందర ఇవన్నీ మామూలేనని నాగక్క కోడలికి చెప్పింది గాని తనకు తాను చెప్పుకోలేకపోయింది. తెల్లవారుతుండగానే ఓబులేసు మైదుకూరు ఆసుపత్రి కాంపౌండరును పిలుచుకొస్తానని నడిచిపోయాడు. ఇంట్లో కూర్చుంటే ఆ మూలుగు వినాలి. వినలేకనే ఆమె పనికి వచ్చింది. ఇల్లు రెడ్డి ఇంటి వెనక సందులోనే, పిలిస్తే వినపడుతుంది. వచ్చినప్పటి నుంచి కనపడినవాళ్ళందరితో బిడ్డ జబ్బు సంగతే చెప్పింది. పన్ను నొప్పి మనిషితో కూడా చెప్పింది.

కొంతసేపటికి కోడలు గంగక్క బిడ్డను చంకనేసుకుని పంచ అంచుకు వచ్చింది. చిన్న పిల్ల. రవికె ముందుభాగం తడిసి ఒంటికి అంటుకుని ఉంది. బిడ్డ తాగడం లేదు, పాలు ఆగడం లేదు.

"అత్తా, కండ్లు లోపలికి పోతాండాయి. ఏడిస్తే నీళ్ళు రావడంల్యా."

నాగక్క లేచి చూసింది. ఆ కళ్ళను ఆమె ఎరుగును. ఇంతకు ముందు వేరే మొగాల్లో చూసింది. "ఏం కాదులే. ఎండకు బయట తిప్పొద్దు. ఆయప్ప వస్తానే తీసుకోనొస్తా, పో," అంది. కోడలు పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగింది. నాగక్క కూర్చుని, కాయ తీసుకుని, ఎవరూ అడక్కపోయినా పోయినేటి సోదెమ్మ వేషం సంగతి ఎత్తుకుంది. ఆమె చెప్తుంటే ఎప్పటిలాగే అందరూ నవ్వారు.

పొద్దు నడినెత్తికి వస్తుండగా మలుపులో సైకిలు గంట వినపడింది.

వచ్చినవాడు పంచ ముందర దిగి సైకిలును ఒంటికి ఆనించుకున్నాడు. తెల్ల పంట్లాం, దొరల టోపీ, దట్టమైన నల్లమీసం, భుజానికి తోలుసంచి. "ఓబులేసు ఇల్లు యాడమ్మా? మైదుకూరు కాంపౌండరును," అన్నాడు.

ఆడవాళ్ళంతా నాగక్క వైపు తిరిగారు.

ఆమె మొదట సైకిలు వెనక చూసింది. కొడుకు లేడు. మైదుకూరు కాంపౌండరును ఆమె ఎరుగును. పంచె కట్టు, బట్టతల, ముసలాయన. ఈ మనిషి ఎవరు? తన మనవడి జబ్బు సంగతి చావిడి దాకా పోయిందన్న మాట. శాంతయ్య దాన్ని కూడా ఆటలో పెట్టుకున్నాడన్న మాట. ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపం అడుగున, పట్టేశానన్న సంబరం కూడా ఉంది. రెంటినీ విడదీసుకునే తీరిక ఆమెకు లేదు.

"ఓబులేసేడప్పా మరి? నిన్ను పిలుచుకోని రాలా?" అంది లేచి నిలబడి.

"నడిచొస్తాండాడు. బిడ్డకు బాగలేదంటే నేను సైకిలు మీద ముందరొచ్చినా. నువ్వెవురు, అవ్వవా? ఎన్నిసార్లు బేదులైనాయి?"

"నీకెన్ని కావాల?"

పంచ గొల్లుమంది. ఆ మనిషి చెమట తుడుచుకున్నాడు. "పొద్దుటి నుంచి ఉచ్చ పోసినాడా?"

హుసేనమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. భీమక్క పొట్టులోకి వాలిపోయింది. ఇంత మంచి ఆట ఈ మేళం ఏ ఏడూ ఆడలేదు.

"పోసినాడులే. ఆ టోపీ ఇట్లిస్తే మళ్ళీ పోస్తాడు," అంది నాగక్క.

"ఏందమ్మా ఇది! పానం మీదికొచ్చిందని ఆయప్ప కాళ్ళు పట్టుకుంటే వచ్చినా. ఇల్లు సూపిస్తారా, పొమ్మంటారా?"

"అబ్బ, కోపం బాగుండాది. భీమక్కా, సూడు. టోపీ కొత్తది, బూట్లు పాతవి. అంటే టోపీ ఎరువు తెచ్చింది." నాగక్క మెట్టు దిగింది. "నడక మార్చినావు, ఒప్పుకుంటా. గొంతు గూడా మార్చినావు. మీసమే శానా ఎక్కువ పెట్టినావప్పా. అంత మీసం ఏ కాంపౌండరుకుండాది? దొరికినావు పో!"

ఆమె మీసం పట్టుకుని లాగింది.

మీసం రాలేదు. జిగురు గట్టిదనుకుని, మేకు తల లాంటి గోరు ఆనించి, ఇంకోసారి బలంగా గుంజింది. ఆ మనిషి కేకపెట్టి వెనక్కి తూలాడు. సైకిలు పడింది. టోపీ దొర్లింది. తోలుసంచి కాయలొలిచే బండ మీద పడి, లోపల గాజు పగిలిన చప్పుడైంది. అతని పై పెదవి మీద నెత్తురు బొట్టు కట్టి మీసంలోకి పాకుతూ ఉంది.

"వదులక్కా," అని వెనకనుంచి మగగొంతు వినపడింది. "నేను ఈడుండా."

స్తంభం దగ్గర పన్ను నొప్పి మనిషి లేచి నిలబడి ఉంది. చెంగు జారింది, దవడ గుడ్డ విప్పుకుంటూ ఉంది. లవంగం ఇంకా నోట్లోనే ఉంది. ఆ చీరలో, ఆ గాజుల్లో, శాంతయ్య మొగం ముసలిదై కనపడింది.

పంచలో ఎవరో ఒకరు నవ్వబోయి ఆపుకున్నారు.

కాంపౌండరు మోకాళ్ళ మీద కూర్చుని సంచి తెరిచాడు. రేకుపెట్టె మూత తీశాడు. సూదిమందు వేసే గాజుగొట్టం రెండు ముక్కలై దూదిలో ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అతని కోపం కూడా అప్పుడే పోయినట్టుంది. "ఇదొకటే ఉండె," అన్నాడు, ఎవరితోనో కాదు.

నాగక్క అతని బూట్ల మీద పడింది. "సామీ, తెలీకపాయె సామీ. వేషమనుకొన్యా. నన్ను కొట్టు సామీ, బిడ్డను సూడు."

అతను కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు గాని సందులోకి నడిచాడు. గుడిసెలో గంగక్క బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని ఉంది. అతను బిడ్డ కడుపు మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలాడు. చర్మం పట్టినచోటనే మడత పడి నిలబడిపోయింది. దాన్ని చూసి గంగక్క తన అరచేతితో మెల్లిగా నిమిరి సరిచేసింది, మంచం మీద దుప్పటి సరిచేసినట్టు.

"నోటి మందు నిలబడదు. నీళ్ళు సూదితోనే ఎక్కించాల. ఇంకోటి తెస్తా," అన్నాడు కాంపౌండరు. రుమాలు పెదవికి అదుముకుని సైకిలెక్కాడు. శాంతయ్య చీరలోనే టోపీ దులిపి అందించాడు.

నాగక్క గడప దగ్గర కూర్చుంది.  గంగక్క గుడ్డ తడిపి బిడ్డ పెదవుల మీద పిండుతూ ఉంది.  అత్త వైపు చూడకుండానే అంది: "నవ్వులు ఇనపడ్తాండె నాకు. అంత నవ్వుతాండారంటే వేషమొచ్చినాదేమోలే అనుకొన్యా. ఆయప్పే వచ్చినాడని తెలిసుంటే పరిగెత్తొచ్చుందును."

అందులో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే నాగక్కకు పట్టుకోవడానికి ఏదైనా దొరికేది.

ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చే వేళకు, మూలుగు ఆగిపోయి ఉంది. ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. గంగక్క ఇంకా నీళ్ళు పిండుతూనే ఉంది. నీళ్ళు బిడ్డ నోటి చివరినుంచి చెవి వైపు కారిపోతున్నాయి. వెంట వచ్చిన భీమక్క వంగి ఆమె చేతిలోని గుడ్డ తీసుకుంది.

వేషాల మేళం ఆ మధ్యాహ్నమే చావిడి ఖాళీ చేసింది. శాంతయ్య మొగం కడుక్కుని, పంచె కట్టుకుని, ఒకసారి సందు మొదట్లోకి వచ్చి నిలబడ్డాడు. నాగక్క అతన్ని చూసింది. అతను ఏమీ అడగలేదు. మద్దెల మోసేవాడు పిలిస్తే వెళ్ళిపోయాడు. ఆ ఏటి సంభావన కోసం ఆ మేళం ఏ గడపా తొక్కలేదు.

ఓబులేసు పరిగెత్తుకుంటూ వచ్చాడు. కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము. గుంపును చూడలేదు, చేతిలోని మందుసీసాను పైకెత్తి చూపుతూ దూరం నుంచే మాట్లాడాడు. "దావలో కలిసినాడమ్మా కొత్త కాంపౌండరు. ఇంటికాడ ఇయ్యను మరిచినానని సైకిలాపి ఇదిచ్చినాడు. కక్కినా సరే తాపిస్తాండండి, నేను సూది తీసుకోనొస్తా అన్యాడు." ఆయాసం తీర్చుకుని, తల్లి మొగం చూసి, అడిగాడు. "మూతికాడ నెత్తరేందమ్మా ఆయప్పకు? పడినాడా?"

 భీమక్క అతని భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

చంటిబిడ్డ గనుక పొద్దుండగానే వంక గట్టున పూడ్చిపెట్టారు. తిరిగి వస్తుంటే సందు మొదట్లో కాంపౌండరు సైకిలు దిగుతున్నాడు. ఓబులేసు చేతిలో పార చూశాడు. దిగిన కాలు మళ్ళీ పెడలు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఇంట్లో హుసేనమ్మ గంగక్క రొమ్ములకు గుడ్డ బిగించి కడుతూ ఉంది. గుడ్డ కట్టింది కట్టినట్టే తడుస్తూ ఉంది.

గోడ గూట్లో, కాటుక మసి పక్కన, ఓబులేసు పెట్టిన చోటనే మందుసీసా ఉంది. దాని పక్కకు తెల్లకాగితపు పట్టీ అంటించి, పూటకింతని కత్తెరతో గంట్లు కత్తిరించారు. ఎర్రమందు పై గంటు దాటి, బిరడా కింది దాకా, నిండుగా ఉంది.